ఉప్పునీటి చెరువులో పండుగప్ప పెంపకం: పిల్ల కొనుగోలు నుంచి పట్టుబడి దాకా

తెల్లమచ్చ తెగులుతో రొయ్య పంట పదేపదే దెబ్బతిన్న తీరప్రాంత రైతు అదే చెరువులో, అదే నీటితో వేసుకోదగిన చేప పండుగప్ప. దీనికి ధర ఉంది, మార్కెట్ ఉంది, ఉప్పునీటిని, మంచినీటిని రెండింటినీ తట్టుకునే శక్తి ఉంది. అయితే ఈ పంటలో లాభనష్టాలు చాలావరకు మొదటి రెండు నెలల్లోనే, పిల్లలు ఇంకా వేలెడంత ఉన్నప్పుడే తేలిపోతాయి. కాబట్టి ఈ వ్యాసంలో ఆ దశకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందుగా చేప స్వభావం తెలుసుకోవాలి. పండుగప్ప నదుల్లోనూ ఉప్పుటేర్లలోనూ పెరిగి, గుడ్లు పెట్టడానికి నదీముఖాల వైపు, లవణీయత 28 నుంచి 32 పీపీటీ (అంటే వెయ్యి వంతుల నీటిలో 28 నుంచి 32 వంతుల ఉప్పు) ఉండే నీటిలోకి వెళ్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల పోటుతో దాని గుడ్లు పెట్టే కాలం ముడిపడి ఉంటుంది. గుడ్డు సుమారు 17, 18 గంటల్లో పొదుగుతుంది, పిల్లలు పోటు నీటితో పాటు మడ అడవుల్లోని కాలువల్లోకి చేరతాయి. ఈ చేప మొదట మగగా పరిపక్వమై, కొన్నేళ్ల తరువాత ఆడగా మారుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో దొరికే స్నూక్ అనే చేపది కూడా ఇదే తీరు. పూర్వం శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ ఒకే కుటుంబంలో చేర్చేవారు. ఏటిలో పట్టే పెద్ద పండుగప్పలు దాదాపుగా తల్లిచేపలేనని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

మడ కాలువల్లో వలవేసి పట్టిన పిల్ల చౌకగా దొరికినా కొనవద్దని నా గట్టి సలహా. అందులో సైజులు కలగాపులగంగా ఉంటాయి, రోగం ఉందో లేదో తెలియదు, పైగా ఏటిలోని సంతతి తరిగిపోతుంది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపక సంస్థ, అంటే సీబా, 1997లోనే ఈ చేపను నిర్బంధంలో గుడ్లు పెట్టించింది. తమిళనాడులోని తొడువాయి వద్ద రాజీవ్ గాంధీ జలచరాల పెంపక కేంద్రానికి కూడా హేచరీ, అంటే గుడ్లు పొదిగించి పిల్లను తయారుచేసే కేంద్రం, ఉంది. ఇటువంటి చోట ముందుగానే ఆర్డరు పెట్టి, నాడీమండలాన్ని దెబ్బతీసే నోడా వైరస్ లేదని పీసీఆర్ పరీక్షలో (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే ప్రయోగశాల పరీక్షలో) తేలిన పిల్లనే తెచ్చుకోవాలి. ఆ వైరస్‌కు మందు లేదు.

హేచరీ పిల్ల సాధారణంగా కడలి నీటి ఉప్పదనంలో ఉంటుంది. మీ చెరువు నీరు చప్పగా ఉంటే రోజుకు 5 పీపీటీకి మించకుండా తగ్గిస్తూ అలవాటు చేయాలి. సంచులను నీటిపై కాసేపు తేల్చి, ఉష్ణోగ్రత సమానమయ్యాకే, ఉదయం చల్లని వేళ వదలాలి.

ఇక నర్సరీ దశ. సెంటీమీటరు, సెంటీమీటరున్నర పిల్లను నేరుగా చెరువులో వదిలితే అది ఏమైందో పట్టుబడి దాకా తెలియదు. చెరువులోనే ఒక పక్కన 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న హాపాలు, అంటే పెట్టెలా కుట్టిన వల తొట్లు, కట్టి, ఒక్కొక్క దానిలో సుమారు 500 పిల్లల చొప్పున వేయడం మంచిది. పండుగప్ప తన పొడవులో మూడింట రెండు వంతుల దాకా ఉన్న తోటి పిల్లను మింగగలదు. పొద్దున్నే హాపాను పైకెత్తి చూస్తే, ఒక పిల్ల నోట్లోంచి మరో పిల్ల తోక బయటకు వేలాడుతూ కనిపిస్తుంది. మింగలేక, కక్కలేక చాలాసార్లు రెండూ చస్తాయి. దీనికి విరుగుడు సైజుల వారీగా వేరుచేయడం ఒక్కటే. ప్రతి మూడు నుంచి ఐదు రోజులకు ఒకసారి పిల్లలను నీళ్లున్న బేసిన్‌లోకి తీసి, పెద్ద, మధ్య, చిన్న రకాలుగా విడదీసి వేరువేరు హాపాల్లో వేయాలి. ఆ పని చేసే ముందు మేత పెట్టరాదు, చేతులు తడిగా ఉండాలి, ఎండ ముదిరేలోగా ముగించాలి. హాపా కన్నులు నాచుతో మూసుకుపోతే లోపల ప్రాణవాయువు పడిపోతుంది కనుక వలను తరచూ మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయాలి, లేదా మార్చాలి. మేత ఆకలి తీరేలా రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా వేయాలి. ఆకలితో ఉన్న పిల్లే పక్కదాని వైపు చూస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 8 నుంచి 10 సెంటీమీటర్లకు చేరిన పిల్ల చెరువుకు సిద్ధమైనట్లే.

ఈలోగా చెరువును ఎండగట్టి, సున్నం చల్లి, తూముకు సన్నకన్ను వల కట్టి, కనీసం మీటరున్నర లోతు నీరు నింపి ఉంచాలి. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ లేనిదే పని మొదలుపెట్టరాదు. నీటి ఉదజని సూచిక (పీహెచ్) 7.5 నుంచి 8.5, ఉష్ణోగ్రత 26 నుంచి 32 డిగ్రీలు, కరిగిన ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉండాలి. తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోతుంది కాబట్టి నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల అవసరం ఆ వేళకే ఎక్కువ. ఒంటరి పంటగా ఎకరానికి 4,000 పిల్లల దాకా వేయవచ్చు. కొత్తవారు తక్కువతో మొదలుపెట్టడమే మేలు.

ఈ చేప కదిలే మేతను పైనుంచి, మధ్యనుంచి అందుకుంటుంది తప్ప అడుగున పడ్డదాన్ని సాధారణంగా ఏరుకోదు. అందువల్ల 40 నుంచి 45 శాతం మాంసకృత్తులున్న తేలే గుళికలను ఒకే చోట, ఒకే వేళకు, గుప్పెడు గుప్పెడుగా వేస్తూ, చేపలు నీటిని చప్పున కొట్టి అందుకోవడం మందగించగానే ఆపాలి. చిల్లర చేపలతో మేపితే కిలో పెరుగుదలకు నాలుగు నుంచి ఎనిమిది కిలోలు పడుతుంది, నీరు కూడా పాడవుతుంది. చలికాలంలో మేత తగ్గుతుంది, అప్పుడు బలవంతంగా వేయరాదు. మేత ఖర్చు భరించలేనివారు నెల, రెండు నెలల ముందుగా చెరువులో మూడు ఆడవాటికి ఒక మగ చొప్పున జిలేబీ (తిలాపియా) చేపలను వదలవచ్చు. వాటి పిల్లలే పండుగప్పకు మేత అవుతాయి. ఈ పద్ధతిలో పండుగప్ప పిల్లలు ఎకరానికి 1,200 నుంచి 2,000 మించకూడదు.

ఒళ్లు నల్లబడి గట్టు వారగా ఒంటరిగా తిరిగే చేప, కళ్లు ఉబ్బిన చేప, సుడులు తిరిగే చేప కనిపిస్తే మేత ఆపి, బతికున్న నమూనాను ప్రయోగశాలకు పంపాలి. దుకాణంలో చెప్పిన యాంటీబయాటిక్‌ను చెరువులో పోయడం వల్ల రోగం తగ్గకపోగా సరుకు తిరస్కరణకు గురవుతుంది.

ఎనిమిది నుంచి పన్నెండు నెలల్లో చాలా చేపలు 700 గ్రాముల నుంచి కిలో దాకా వస్తాయి, కానీ అన్నీ ఒకేసారి రావు. పెద్దవాటిని ముందు తీసేస్తే మిగిలినవి త్వరగా అందుకుంటాయి. పట్టుబడికి ముందు ఒక రోజు మేత ఆపి, తెల్లవారుజామున వల లాగి, చేపను గట్టుమీద కొట్టుకోనివ్వకుండా వెంటనే మంచు కలిపిన నీటిలో ముంచాలి. పొలుసు ఊడని, మొప్పలు ఎర్రగా ఉన్న చేపకే కొనుగోలుదారు పూర్తి ధర ఇస్తాడు.