పాత హామండ్ ఆర్గాన్‌లో రొద ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం ఎలా?

హామండ్ బి-3 అంటే మెట్లు నొక్కితే విద్యుత్తుతో పలికే అమెరికన్ ఆర్గాన్. దాని తయారీ 1970ల మధ్యలోనే ఆగిపోయింది. ఇప్పుడు పలుకుతున్న ప్రతి పాత బి-3కీ దాదాపు అర్ధశతాబ్దమో అంతకుమించో వయసుంది. దానిలో కొత్తగా రొద వినిపించగానే వెనుక చెక్క విప్పి శుభ్రపరిచే స్ప్రే కొట్టకండి. ముందు చెవితో వెతకండి. లోపలి వాల్వులకు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల వంటివి) దాదాపు 300 వోల్టులు అందుతాయి. ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

మొదట ఇంటినే అనుమానించండి. గదిలో ట్యూబ్‌లైట్లు, ఫ్యాను రెగ్యులేటర్, ఫోను చార్జర్లు ఆపి వినండి. ఆర్గాన్‌కూ స్పీకరుకూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి కరెంటు ఇచ్చి చూడండి. రొద తగ్గుతుందని ఎర్త్ తీగను తీసేసేవాళ్లు ఉన్నారు. అది ప్రాణాలతో చెలగాటం.

ఆ తర్వాత పాదంతో శబ్దాన్ని పెంచి తగ్గించే ఎక్స్‌ప్రెషన్ పెడల్. ఏ మెట్టూ నొక్కకుండా దాన్ని మెల్లగా కిందికీ పైకీ కదపండి. రొద దానితోపాటు పెరిగి తగ్గితే, మూలం శబ్ద సంకేతం పెడల్‌కు చేరకముందు దాటే భాగంలో ఉన్నట్టు. పెడల్‌తో సంబంధం లేకుండా ఒకే తీరుగా గుయ్‌మంటుంటే, పవర్ సరఫరానో ఆంప్లిఫయరునో చూడాలి. అలాంటి గుయ్‌కి తరచుగా కారణం ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సర్లు. వాటిని మార్చడం వాల్వుల పని తెలిసిన మెకానిక్‌కే వదలండి.

చిటపటలైతే మెట్లను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఒక్కో వరుసలో 61 మెట్లు, ఒక్కో మెట్టు కింద 9 స్పర్శలు (విద్యుత్ కాంటాక్టులు), అంటే వరుసకు 549 చోట్ల దుమ్ము చేరవచ్చు. స్వరం తీరును మార్చే జారుడు కడ్డీల్లో (డ్రాబార్లలో) ఒక్క డ్రాబార్ మాత్రమే బయటికి లాగి మెట్లన్నీ వరుసగా నొక్కండి. ఒక మెట్టు దగ్గరే చిటపటలాడితే దాన్ని ఇరవై ముప్పైసార్లు చకచకా నొక్కండి, చాలాసార్లు అదే శుభ్రపడుతుంది. డ్రాబార్‌ను కదిపినప్పుడే గరగరమంటే దాన్నే పదేపదే లోపలికీ బయటికీ జరపండి. ఎన్నో మెట్లలో ఇదే బాధ ఉంటే స్పర్శలు తగిలే కడ్డీలను కొద్దిగా పక్కకు జరిపే మర లోపల ఉంటుంది. అదీ మెకానిక్ పనే.

స్పీకరులోంచి కాక చెక్కపెట్టెలోంచే కీచుమంటోందా? లోపల స్వరాలను పుట్టించే 91 పళ్ల చక్రాలు (టోన్‌వీళ్లు) తిరుగుతుంటాయి, వాటి బేరింగులు ఎండిపోయి ఉంటాయి. ప్లగ్గు తీసి పైమూత ఎత్తితే ఆ చక్రాలున్న జెనరేటర్ మీద చిన్న గరాటాలు కనిపిస్తాయి. ఆర్గాన్‌కు ప్రత్యేకంగా తయారైన నూనెను ఏడాదికోసారి వాటిలో ముప్పాతిక వరకు పోస్తే చాలు. కుట్టుమిషను నూనె వద్దు. నూనె నూలుపోగుల వెంట బేరింగులకు చేరడానికి రోజులు పడుతుంది, కాబట్టి కీచు ఆగలేదని మర్నాడే మళ్లీ పోయకండి.

అమెరికా నుంచి తెచ్చుకున్న 60 హెర్ట్జ్ ఆర్గాన్ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సుమారు మూడు స్వరస్థానాలు కిందికి దిగి పలుకుతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని సరిచేయదు, ఫ్రీక్వెన్సీ మార్చే సాధనమే కావాలి.

ఇక మెట్టు నొక్కగానే వినిపించే చిన్న ‘టిక్’ జోలికి పోవద్దని నా గట్టి మాట. తొమ్మిది స్పర్శలూ సరిగ్గా ఒకే క్షణంలో కలవకపోవడం వల్ల వచ్చే శబ్దమది. తయారీదారులు దాన్ని లోపంగా చూశారు, జిమ్మీ స్మిత్ వంటి జాజ్ వాద్యకారులు దాన్ని తమ వాదనానికి పదునుగా మలుచుకున్నారు. మెకానిక్ వచ్చినప్పుడు దాన్ని అలాగే ఉంచమని ముందే చెప్పండి.