బాస్కెట్‌బాల్ అంకెలు, 4వ పాఠం: మూడు పాయింట్ల గీత చెరిపి చూద్దాం

గత పాఠంలో మొత్తం పాయింట్లను ఆడిన మ్యాచ్‌లతో భాగించాం. అమెరికా కాలేజీ ఆటలో ఎల్ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఆడిన పీట్ మారవిచ్‌వి 83 మ్యాచ్‌ల్లో 3,667. డెట్రాయిట్ మెర్సీకి ఆడిన ఆంట్వాన్ డేవిస్‌వి 144 మ్యాచ్‌ల్లో 3,664. మొత్తాల్లో తేడా మూడే పాయింట్లు, సగటు తీస్తే 44.2, 25.4. ఈసారి ఆ భాగహారం సాయం చేయని జంటను తీసుకుందాం.

కాన్సాస్‌కు 1977-81లో ఆడిన లినెట్ వుడార్డ్: 3,649 పాయింట్లు. అయోవాకు 2020-24లో ఆడిన కైట్లిన్ క్లార్క్: 3,951. ఇద్దరూ నాలుగేసి సీజన్లు ఆడారు. ఇద్దరివీ 139 మ్యాచ్‌లే! సగటు 26.3, 28.4. క్లార్కే ముందుంది. కానీ ఇక్కడే ఆగిపోతే వుడార్డ్‌కు అన్యాయం చేసినట్టే.

లెక్కలోకి వెళ్లేముందు ఒక మాట. వుడార్డ్ రోజుల్లో మహిళల కాలేజీ ఆటను నడిపింది ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంఘం. ఇప్పుడు కాలేజీ ఆటలు నడిపే సంఘం ఎన్‌సీఏఏ. దాని మహిళల టోర్నీ 1981-82లో, ఆమె కాలేజీ వదిలాకే మొదలైంది. అందుకే క్లార్క్ 2024 ఫిబ్రవరి 15న అంతవరకు రికార్డు ఉన్న కెల్సీ ప్లమ్ చేసిన 3,527ను దాటగానే ఎన్‌సీఏఏ మహిళల రికార్డు ఆమెదైపోయింది. వుడార్డ్‌ను దాటింది మాత్రం ఆ నెల 28న. ఏ జాబితా తెరిచినా అది ఎవరిదో, ఏ సంవత్సరం నుంచి మొదలవుతుందో ముందు చూడండి. ఈ అలవాటు ఏ సూత్రం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు నోట్‌బుక్ తీయండి. మూడు పాయింట్ల గీత అవతలి నుంచి వేసిన బాస్కెట్‌కు రెండు బదులు మూడు పాయింట్లు. మహిళల కాలేజీ ఆటలో ఆ గీత దేశమంతటా వచ్చింది 1987-88లో. అంటే వుడార్డ్ ఎంత దూరం నుంచి వేసినా రెండే. క్లార్క్ పాయింట్లను విడదీద్దాం. ఆమె వేసిన బాస్కెట్లు 1,293. వాటిలో మూడు పాయింట్లవి 548. ఒక్కో పాయింటు ఇచ్చే ఫ్రీ త్రోలు 817.

1,293 × 2 = 2,586
గీత ఇచ్చిన అదనం = 548
ఫ్రీ త్రోలు = 817
మొత్తం = 3,951

కూడిక సరిపోయింది. ఇలా ప్రతిసారీ సరిచూసుకోండి. వెబ్‌సైట్లలో అంకెలు తప్పు పడటం మామూలే. ఇప్పుడు గీత చెరిపేద్దాం: 3,951 నుంచి 548 తీస్తే 3,403. 139తో భాగిస్తే 24.5. వుడార్డ్ ముందుకొచ్చింది!

చాలామంది ఇక్కడే తీర్పు చెప్పేస్తారు. తొందరపడకండి. గీత ఉందనే క్లార్క్ అంత దూరం నుంచి వేసింది. దూరానికి అదనపు ఫలం లేకపోతే ఇంకాస్త దగ్గరికి వెళ్లి వేసేది, ఇంకొన్ని పడేవి. కాబట్టి 24.5 ఆమె అసలు స్థాయి కాదు, కింది హద్దు. 28.4ను పై హద్దు అనుకోండి. వుడార్డ్ 26.3 సరిగ్గా ఈ రెంటి మధ్య పడింది. ఒక్క అంకె బదులు ఇలా రెండు హద్దులు రాసుకోవడమే ఈ రోజు మనం నేర్చుకునే పని.

మరి ఎదురు దిశలో, వుడార్డ్‌కు అదనం కలపొచ్చు కదా అంటారేమో. ఆమె ఏ షాట్ ఎంత దూరం నుంచి వేసిందో స్కోరు పట్టికలో ఉండదు. ఊహించి కలిపితే అది మన అభిమానం అవుతుంది, లెక్క కాదు.

బంతి సంగతి కూడా ఉంది. వుడార్డ్ ఆడింది మగవాళ్ల సైజు బంతితో. మహిళలకు చిన్న బంతి 1984-85లో వచ్చింది. దీన్ని పాయింట్లలోకి మార్చే పద్ధతి నా దగ్గర లేదు. అలాంటివాటికి నోట్‌బుక్‌లో పక్కన ఒక గడి పెట్టి మాటల్లో రాస్తాను, మీరూ అలాగే రాయండి. నాకైతే ఆ గడి చాలాసార్లు అంకెలకన్నా ముఖ్యమనిపిస్తుంది.

అభ్యాసం: డేవిస్ 3,664 పాయింట్లలో 588 మూడు పాయింట్ల బాస్కెట్లున్నాయి. గీత చెరిపి సగటు కట్టండి. మారవిచ్ ఆడింది 1967-70లో, మగవాళ్లకు గీత దేశమంతా వచ్చింది 1986-87లో. డేవిస్ రెండు హద్దులు రాసి, 44.2 వాటి మధ్య పడుతుందో లేదో చూడండి. తర్వాత మారవిచ్ వేసిన మొత్తం షాట్లు, 3,166, ఒక పక్కన రాసిపెట్టుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.