ఫిలిప్పీన్స్‌లో డిసెంబర్: జేబులో చిల్లర ఉంచుకోండి

డిసెంబర్‌లో ఫిలిప్పీన్స్‌లో ఉండేవాళ్లు, ముఖ్యంగా దవావోలో మెడిసిన్ చదివే మన పిల్లలు, 16వ తేదీకల్లా 5, 10 పెసోల నాణేలు కాసిన్ని పోగుచేసి పెట్టుకోండి. సాయంత్రమయ్యేసరికి వీధి పిల్లలు గుంపుగా గేటు దగ్గరికొచ్చి క్రిస్మస్ పాటలు అందుకుంటారు. సోడా మూతలను సుత్తితో చదును చేసి, తీగకు గుచ్చి తాళం చేసుకుంటారు. ఖాళీ పాల డబ్బానే డప్పు. పాట మొదలవగానే డబ్బులిచ్చి పంపేయకండి, పూర్తిగా విని ఇవ్వండి. ఇస్తే 'మీరెంత మంచివాళ్లో' అని థాంక్యూ పాట పాడతారు. ఇవ్వకపోతే అదే పాటలో ఒక్క మాట మార్చి పిసినారులంటూ ఆటపట్టిస్తారు! ఇవ్వలేకపోతే 'పతవాద్' అనండి చాలు. క్షమించమని అర్థం, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకొకటి, 16 నుంచి 24 వరకు తెల్లవారకముందే చర్చిల్లో 'సింబాంగ్ గాబి' పూజలు జరుగుతాయి. మనకు ధనుర్మాసం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే కాబట్టి చీకటితో లేవడం కొత్తేమీ కాదు. ఒక్కరోజైనా వెళ్లండి. పూజ అయ్యాక బయట బండ్ల దగ్గర వేడివేడి బిబింగ్కా దొరుకుతుంది. కిందా పైనా నిప్పులు పెట్టి, అరిటాకులో కాల్చే బియ్యప్పిండి రొట్టె అది. గుడ్డు తిననివాళ్లు మాత్రం పుటో బుంబోంగ్ అడగండి. వెదురు గొట్టంలో ఆవిరిపట్టిన ఊదా రంగు జిగురు బియ్యం పిండి, మీద కొబ్బరి కోరు, బెల్లంలాంటి ముడి చక్కెర. చల్లారితే గట్టిపడుతుంది, అక్కడే నిలబడి తినేయండి.