సంక్రాంతి బస్సెక్కే ముందు: లినక్స్ ల్యాప్‌టాప్‌ హైబర్నేట్ జాగ్రత్తలు

బెంగళూరు మడివాళలో రాత్రి బస్సెక్కి ఊరెళ్లే మనవాళ్లు, ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టేలోపే ఇవి చూసుకోండి.

హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో దాచి ల్యాప్‌టాప్‌ను ఆపేయడం) చేశాక అదే డిస్కు పార్టిషన్లను విండోస్‌లోనో లైవ్ పెన్‌డ్రైవ్‌తోనో తెరవకండి. కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) తిరిగి లేచేది అలా దాచిన ర్యామ్‌లోని పాత ఫైల్ సిస్టమ్ వివరాలతోనే. ఈలోపు డిస్కులో ఏదైనా మారితే డేటా చెడిపోతుంది. ఊళ్లో తమ్ముడు ల్యాప్‌టాప్ అడిగినా సరే, ముందు లినక్స్‌ను లేపి, పూర్తిగా షట్‌డౌన్ చేశాకే ఇవ్వండి.

స్వాప్ (ర్యామ్‌లోని సరుకు దాచే డిస్కు చోటు) ర్యామ్ అంత ఉంటే నిశ్చింత. 16 జీబీ ర్యామ్‌కు 2 జీబీ స్వాప్ పెడితే ఇమేజ్ (దాచే ఆ ర్యామ్ కాపీ) పట్టకపోవచ్చు. జడ్‌ర్యామ్ అనే కుదించిన స్వాప్ ఇందుకు పనికిరాదు, అది ఉండేది ర్యామ్‌లోనే.

రెజ్యూమ్ పారామీటర్ (ఇమేజ్ ఎక్కడుందో కెర్నల్‌కు చెప్పే బూట్ సెట్టింగ్) సరిచూడండి, స్వాప్ ఫైల్ అయితే ఆఫ్‌సెట్ (డిస్కులో ఆ ఫైల్ మొదలయ్యే చోటు) కూడా. తప్పైతే మామూలుగా బూట్ అయి, సేవ్ చేయని పని పోతుంది.

సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) కెర్నల్ హైబర్నేషన్‌ను అడ్డుకుంటుంది.

మూత మూస్తే సస్పెండ్ అవుతుందా, హైబర్నేటా? సస్పెండ్‌లో ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ కావచ్చు.

బ్యాటరీ మిగులుతుందని పవర్‌సేవ్ గవర్నర్ అనే సెట్టింగ్‌ను నమ్ముకోకండి. అది ప్రాసెసర్ నడుస్తున్నప్పటి వేగానికే.

ఫైళ్లన్నీ సేవ్ చేసి, ఇవాళే రూములో ఒకసారి హైబర్నేట్ చేసి లేపి చూడండి.