తుపాన్ల నెల వస్తోంది, సర్వర్ పవర్ బటన్ చూసుకోండి

2018లో తిత్లీ వచ్చింది కూడా అక్టోబరులోనే. పర్లాకిమిడి, గుణుపురం వైపు షాపుల్లో మినిమల్ డెబియన్ (తక్కువ ప్యాకేజీలతో వేసిన లినక్స్) సర్వర్లు నడిపేవాళ్లకి, తుపానులో సర్వర్‌ని బటన్‌తో సరిగ్గా ఆపుకోడానికి:

– బటన్ నొక్కి పట్టుకోవద్దు. నాలుగైదు సెకన్లు పట్టుకుంటే కరెంటు పీకేసినట్టే, రాస్తున్న డేటా పోతుంది. ఒక్కసారి నొక్కి వదలండి, సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగాలి.

– అయినా ఉలుకూ పలుకూ లేదా? డీబస్ (ప్రోగ్రాముల మధ్య కబుర్లు మోసే ప్యాకేజీ) ఉందేమో చూడండి. రికమెండెడ్ ప్యాకేజీలు వద్దనుకుని ఇన్‌స్టాల్ చేస్తే అది రాదు. అది లేకపోతే బటన్ నొక్కడాన్ని గమనించే సర్వీసు సిస్టమ్‌డీ-లాగిన్‌డీ లేవదు, ఇక బటన్ మాట వినేవాడే ఉండడు. నేనైతే క్యాబినెట్ విప్పి, స్విచ్ వైర్లు పీకి మళ్లీ పెట్టాను, గంట వృథా!

– డీబస్ వేశాక రీబూట్ చేసి, లాగిన్‌డీ జర్నల్లో (లాగ్‌లో) ‘వాచింగ్ సిస్టమ్ బటన్స్’ లైను వెతకండి.

– ఇదంతా ఇప్పుడే, నెట్ ఉండగానే. గాలివాన మొదలయ్యాక ప్యాకేజీ ఎక్కడ దొరుకుతుంది?