మ్యాప్‌లో మన ఊరు – 4వ పాఠం: ఫొటో పెట్టగానే యాప్ అడిగే ప్రశ్నలు

పోయిన పాఠంలో గూగుల్ మ్యాప్స్‌లో ఫొటో ఎక్కించడం దాకా వచ్చాం. అసలు తలనొప్పి ఆ తరవాతే. ఫొటో ఎక్కిందో లేదో చూసుకునేలోపే స్క్రీన్ కింద నుంచి ఒక ప్రశ్న పైకొస్తుంది: "ఈ వంటకం పేరేమిటి?" మీరు పెట్టిందేమో పొందూరులో తీసిన చేప దవడ ఫొటో!

పొందూరు ఖద్దరు గురించి తెలిసినవాళ్లకి ఆ దవడ సంగతి కొత్త కాదు. వాలుగ చేప దవడకి సన్నటి పళ్ల వరస ఉంటుంది. వడకడానికి ముందు పత్తిని దాంతోనే దువ్వి, చెత్త తీస్తారు. మెషీన్‌కి ఈ కథంతా ఎవరు చెప్పారు గనక? ఫొటోలో చేపలాంటిది కనబడింది, పక్కన తెల్లగా కుప్ప ఉంది. చేపా అన్నమూ అనుకుంటుంది. ఫొటోలో రంగులూ ఆకారాలూ చూసి ఊహించడమే దాని పని.

ఇలాంటి ప్రశ్నలకి ఊహ ఒక్కటే కారణం కాదు. మ్యాప్‌లో ప్రతి చోటుకీ ఒక కేటగిరీ ఉంటుంది: గుడి, బట్టల కొట్టు, హోటల్ ఇలా. యాప్ అడిగే ప్రశ్నలు చాలావరకు ఆ కేటగిరీని బట్టే వస్తాయి. ఖద్దరు కొట్టుని ఎవరో తెలియక హోటల్ కింద చేర్చారనుకోండి, మీరు పంచె ఫొటో పెట్టినా "ఇక్కడ శాకాహారం దొరుకుతుందా?" అనే అడుగుతుంది.

మూడోది జీపీఎస్. రథసప్తమి నాడు అరసవల్లిలో క్యూలో నిలబడి ఫొటో తీశారు. ఫోన్ చూపించే లొకేషన్ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఆ కొన్ని మీటర్లలోనే గుడి, కొబ్బరికాయల కొట్టు, టిఫిన్ సెంటరు అన్నీ ఉంటాయి. యాప్ టిఫిన్ సెంటరు పేరు సూచిస్తుంది, మనం చూడకుండా సరే అంటాం. ఇంక ప్రశ్నలన్నీ ఇడ్లీ మీదే. అందుకే పోస్ట్ నొక్కే ముందు ఫొటో పైన ఏ పేరుందో ఒక్కసారి చదవండి. తప్పు చోట పడిపోతే మీ ప్రొఫైల్‌లోకి వెళ్లి ఆ ఫొటో డిలీట్ చేసి, సరైన చోట మళ్లీ పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోలకైతే లొకేషన్ ఉండదు, చోటు పేరు మీరే వెతుక్కోవాలి.

సరే, ప్రశ్న వచ్చేసింది. ఏం చేయాలి? సంబంధం లేకపోతే దాటేయండి. ఫొటో అప్పటికే వెళ్లిపోయింది, జవాబు ఇవ్వకపోతే దానికి ఏమీ కాదు. చాలామంది మాత్రం "ఏదో ఒకటి నొక్కేస్తే పోతుంది కదా" అనుకుంటారు. పాయింట్ల ఆశ కూడా ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో లోకల్ గైడ్‌గా, అంటే మ్యాప్‌కి ఫొటోలూ వివరాలూ చేర్చే వాలంటీరుగా, చేరితే ఫొటోకి 5 పాయింట్లు, ప్రశ్నకి జవాబిస్తే 1 వస్తాయి. ఆ ఒక్క పాయింటు కోసం ఖద్దరు కొట్టులో టిఫిన్ దొరుకుతుందని నొక్కితే, మర్నాడు పొద్దున్నే ఎవరో కారు దిగి ఇడ్లీ అడుగుతారు. "ఎవలు సెప్పినారు బాబూ మీకు?" అని కొట్టాయన మొత్తుకోవాల్సిందే.

అయితే వింతగా కనబడే ప్రశ్నలన్నీ పనికిరానివి కావు. శాలిహుండం బౌద్ధ స్తూపాల ఫొటో పెడితే "వీల్‌చైర్ వెళ్లే ప్రవేశం ఉందా?" అని అడగొచ్చు. కొండ మీది శిథిలాలకి ఇదేం ప్రశ్న అని నవ్వొస్తుంది. కానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మని తీసుకెళ్లేవాళ్లకి కావలసింది అదే. మీరు కళ్లారా చూసి ఉంటే చెప్పండి, లేకపోతే "తెలియదు" నొక్కండి. విన్నది, ఊహించింది వద్దు.

ఒకే చోట పదే పదే అసందర్భపు ప్రశ్నలు వస్తున్నాయంటే, కేటగిరీ తప్పేమో చూడండి. ఆ చోటు పేజీలో 'సజెస్ట్ యాన్ ఎడిట్' నొక్కి, పేరూ వివరాలూ మార్చే దగ్గర సరైన కేటగిరీ ఎంచుకుని పంపండి. వెంటనే మారకపోవచ్చు, పరిశీలించాకే మారుస్తారు. బోర్డు స్పష్టంగా కనబడే ఫొటో ఒకటి జత చేస్తే మంచిది.

ఈ వారం అభ్యాసం: మీ వీధిలో మీకు బాగా తెలిసిన మూడు కొట్లు మ్యాప్‌లో తెరిచి, ఒక్కోదానికీ పేరు కింద ఏ కేటగిరీ రాసుందో నోట్ చేసుకోండి. కొట్టువాళ్లని అడగకుండా ఏదీ మార్చకండి. తప్పు చోట పడ్డ పిన్నుని (మ్యాప్‌లో చోటు చూపించే గుర్తుని) జరపడం ఎలాగో వచ్చే పాఠంలో చూద్దాం.