ఫొటో కొలతలు నేర్చుకుందాం - పాఠం 3: గళ్లు ఎన్ని, అంగుళాలు ఎన్ని?

పోయిన పాఠంలో ఫొటో వివరాలు ఫోన్‌లో ఎక్కడ ఉంటాయో చూశాం. అక్కడ 4000 × 3000 లాంటి అంకెలు కనిపించాయి కదా, ఇవాళ వాటితోనే పని.

పోచంపల్లి ఇక్కత్ చీర నేయడానికి ముందు డిజైన్‌ను గళ్ల కాగితం మీద గీస్తారు. ఏ గడికి ఏ రంగో అక్కడే తేలిపోతుంది. దాని ప్రకారం నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులు అద్దుతారు. డిజిటల్ ఫొటో కూడా అలాంటి గళ్ల కాగితమే. ఒక్కో గడి ఒక్కో పిక్సెల్, గడికి ఒక్కటే రంగు. 4000 × 3000 అంటే మొత్తం కోటీ 20 లక్షల గళ్లు. మనం 12 మెగాపిక్సెల్ అంటున్నది దీన్నే.

ఫొటోకు ఉన్నది గళ్లే, అంగుళాలు కాగితానివి. ఉన్న గళ్లను ఎంత కాగితం మీద పరుస్తామన్నదే అసలు లెక్క. చేతిలో పట్టుకుని చూసే ప్రింటులో అంగుళానికి 300 గళ్లు పడితే చాలా బాగుంటుంది. 200 ఉన్నా ఫరవాలేదు. 150 కంటే దిగితే దగ్గర నుంచి చూసినప్పుడు మసక తెలిసిపోతుంది. ఒక్కో వైపు గళ్ల సంఖ్యను 300తో భాగించండి, ఆ వైపు ఎన్ని అంగుళాలు వేయించవచ్చో వస్తుంది. 4 × 6 ప్రింటుకు 1200 × 1800 చాలు. 8 × 12కు 2400 × 3600 కావాలి. మా నల్గొండ క్లాక్ టవర్ సెంటర్లో కట్టే ఫ్లెక్సీలకు ఇంత అక్కర్లేదు, వాటిని దూరం నుంచి చూస్తాం కాబట్టి అంగుళానికి 100 గళ్లున్నా సరిపోతాయి.

ఈ లెక్క నాకు ఆలస్యంగా తెలిసింది. మా నాన్న దశదినకర్మకు 12 × 18 ఫొటో కట్టించాం. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోంచి తీసిన ఫొటో ఇచ్చాను. ఆ టెన్షన్‌లో ఎవరం పట్టించుకోలేదు, స్టూడియోలోనూ ఎవరూ అడగలేదు. ఆ కాపీ 1200 × 1600 మాత్రమే. 12 × 18 ఆకారానికి పక్కలు కోస్తే 1067 × 1600 మిగిలింది. అంటే అంగుళానికి 89 గళ్లు. నాన్న కళ్ల చుట్టూ ఉండే సన్నటి ముడతలన్నీ కలిసిపోయాయి. అసలు ఫొటో 3000 × 4000తో మా బావ ఫోన్‌లోనే ఉంది. అది ఇచ్చి ఉంటే అంగుళానికి 222 పడేవి.

అందుకే ప్రింటుకు ఇచ్చే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు గళ్లు తగ్గవు. ఒకసారి తగ్గిన గళ్లు మళ్లీ రావు. సాఫ్ట్‌వేర్‌లో అంగుళానికి 72 గళ్లు అని ఉన్నచోట 300 అని మార్చినా కొత్త గడి ఒక్కటీ పుట్టదు. పెద్దది చేసే యాప్‌లు మధ్యలో గళ్లను ఊహించి నింపుతాయి. పూలకు, కొండలకు అది నడుస్తుందేమో గానీ మన మనిషి ముఖాన్ని ఊహకు వదలడం నాకు ఇష్టం లేదు.

ఇక ఫొటోను కంప్యూటర్ తెర మీద వాల్‌పేపర్‌గా పెట్టడం. ఇక్కడ గళ్ల కొరత పెద్దగా రాదు, ఎందుకంటే చాలా తెరలు 1366 × 768 లేదా 1920 × 1080 ఉంటాయి. చిక్కంతా ఆకారంతోనే. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి ఫోన్ ఫొటోకు 4:3, తెరకు 16:9. 4000 × 3000 ఫొటోను తెర నిండా పెడితే 750 వరుసలు పోతాయి, 2250 మిగులుతాయి. విండోస్‌లో ఫిల్ పెడితే ఆ కోత తనే కోస్తుంది, ఒక్కోసారి తలలు పోతాయి. స్ట్రెచ్ పెడితే మనుషులు అడ్డంగా సాగుతారు. ఫిట్ పెడితే పక్కన పట్టీలు మిగులుతాయి. కోత మన చేత్తో కోసుకోవడమే మేలు. ఫొటోస్ యాప్‌లో ఎడిట్, క్రాప్‌కు వెళ్లి 16:9 ఎంచుకోండి, ఏం ఉంచాలో జరుపుకోండి, కాపీగా సేవ్ చేయండి. అసలు ఫైలును ముట్టుకోవద్దు. తర్వాత డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, పర్సనలైజ్, బ్యాక్‌గ్రౌండ్.

నా తెర మీద పానగల్ ఉదయసముద్రం చెరువు పొద్దుటి ఫొటో ఉంది. ఐకాన్లు ఎడమ వైపు వస్తాయి కాబట్టి అటు ఖాళీ నీళ్లు, కుడి వైపు గట్టు ఉండేలా కోశాను. ఫైళ్ల పేర్లు చక్కగా చదవొచ్చు.

ఒక జాగ్రత్త. తెరకు సొంత వెలుగు ఉంటుంది, కాగితానికి ఉండదు. ఛాయా సోమేశ్వరాలయం మండపంలో తీసిన స్తంభాల ఫొటో తెర మీద అందంగా కనిపించింది, ప్రింటులో చెక్కడాలన్నీ నల్లగా కలిసిపోయాయి. నీడలను కొంచెం తేలిక చేసి, ముందు 4 × 6 ఒకటి వేయించి చూసి, అప్పుడు పెద్దది వేయించండి.

ఇంటిపని: మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫొటో ఒకటి ఫోన్‌లోంచి వెతికి తీయండి. అది వాట్సాప్ కాపీనా, అసలుదా చూడండి. గళ్లు రాసుకుని 300తోనూ 200తోనూ భాగించండి. కాపీ అయితే, తీసినవాళ్లకు ఇవాళే ఫోన్ చేసి అసలుది డాక్యుమెంట్‌గా పంపమనండి. వచ్చే పాఠంలో ఆ ఫొటోతోనే రంగుల సంగతి చూద్దాం.